నంబరు లేని అచ్చు

నేను పళ్ళు చేస్తాను. డాక్టర్ని కాను. డాక్టర్లు నోట్లో కొలత తీసి పంపిస్తే, ఆ కొలతలో ప్లాస్టరు పోసి, అచ్చు తీసి, అచ్చు మీద మైనంతో పళ్ళు పేర్చి, ఉడకబెట్టి, సానబట్టి పళ్ళ సెట్టు తయారుచేసే మనిషిని. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. మా ఇంటి ముందు గదే నా ల్యాబు. వీధిలో ఎవరైనా నన్ను చూసి నవ్వితే ముందు వాళ్ళ పళ్ళు చూస్తాను, తర్వాతే మనిషిని గుర్తుపడతాను. మర్యాద కాదని తెలుసు, అలవాటైపోయింది.

మా ఇంట్లో ఇద్దరు ఆయనలు. ఒకరు మా ఆయన. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రెండోవారు గోడ మీద ఉంటారు, పెద్దాయన. దేశంలో ఏ గదిలోకి వెళ్ళినా కనపడే ఫొటోనే, మా ఇంట్లో నా బల్లకు సరిగ్గా ఎదురుగా ఉంది. నలభై ఏళ్ళ మనిషి, నల్లటి జుట్టు, పెద్ద నవ్వు. ముందు పళ్ళలో ఒకటి పక్కదాని మీదికి కాస్త ఎక్కి ఉంటుంది. నేను బడికి వెళ్ళే రోజుల్లో చూసిన ఫొటో కూడా ఇదే. పెద్దాయన అంటాం గాని ఆయన వయసు మాట ఎత్తకూడదు. రోజూ చదివే ప్రతిజ్ఞలో రెండో వాక్యమే "ఆయనకు వయసు లేదు" అని.

పొద్దున ఏడింటికి ఆ ఫొటో తుడవాలి. వీధి తలుపు బార్లా తెరిచి, దారిన పోయేవాళ్ళకు కనపడేలా తుడవాలి. చాలా ఇళ్ళలో ఆ పని మొక్కుబడిగా కానిచ్చేస్తారు. మా ఆయన అలా కాదు. దానికి వేరే గుడ్డ, ఆ గుడ్డకు వేరే సబ్బు, ఆరేయడానికి వేరే తాడు. ఆ తాడు మీద పొరపాటున నా తువ్వాలు వేశానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తుడుస్తూ ఫొటోకు కబుర్లు చెబుతారు కూడా. మోకాళ్ళ నొప్పి, పాత బస్సు సంగతులు, నా నోటి దురుసు, అన్నీ. పిల్లలు లేని ఇంట్లో మనిషికి ఎవరో ఒకరు ఉండాలిలే అని సరిపెట్టుకునేదాన్ని.

మా ఆయన చెడ్డవారు కాదు. నా భయమంతా అక్కడే ఉంది. ఎదురింటి టైలరు ఆయనకు ఇరవై ఏళ్ళ స్నేహితుడు. ఒకరోజు ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఉంటే, "మన జుట్లు ఇలా నెరిసిపోయాయి, ఫొటోలో జుట్టుకు ఏ రంగు వేస్తారో కనుక్కోవాలి" అన్నాడట టైలరు. మా ఆయన ఇంటికొచ్చారు గాని ముద్ద దిగలేదు. లేచి వెళ్ళి వీధి సెక్రటరీకి ఆ మాట చెప్పేశారు. "వాడికి ఎవరైనా నాలుగు మంచి మాటలు చెబుతారని చెప్పానే," అన్నారు నాతో. టైలరును తీసుకెళ్ళి తొమ్మిది నెలలైంది. షాపులో ఇప్పుడు బకెట్లు, మగ్గులు అమ్ముతున్నారు. మా ఆయన అటువైపు చూడకుండా నడుస్తారు. ఒకసారి భోజనం మధ్యలో చెయ్యి ఆపి, "తప్పు చేశానంటావా?" అని అడిగారు. నేను ఆయన కంచంలో ఇంకాస్త పప్పు వేశాను. జవాబు చెబితే అది ఎవరి చెవిన పడుతుందో నాకేం తెలుసు.

నెల కిందట, ఆయన వీధి మీటింగుకు వెళ్ళినప్పుడు, వాకిట్లో కారు ఆగింది. రెండు తలుపులు వేసిన చప్పుడైంది. ఇద్దరు మనుషులు లోపలికొచ్చారు. నీలం చొక్కా వేసుకున్నతను మాట్లాడాడు. రెండోవాడు ఒళ్ళో పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒక డబ్బా పట్టుకుని నిలబడ్డాడు.

"డాక్టరమ్మ పంపారు," అన్నాడు నీలం చొక్కా. పదిహేనేళ్ళుగా నాకు పని పంపించే పళ్ళ డాక్టరు ఆవిడ. "పై సెట్టు. మూడు రోజుల్లో కావాలి."

డబ్బాలో రబ్బరు కొలత ఉంది. మామూలుగా దాంతోపాటు పేషెంటు నంబరు రాసిన చీటీ ఉంటుంది. ఇందులో చీటీ లేదు. దాని బదులు ఒక ఫొటో ముక్క ఉంది. కళ్ళు, ముక్కు ఏమీ లేకుండా పెదాలూ పళ్ళూ మాత్రం వచ్చేలా కత్తిరించారు.

"ఇలాగే రావాలి," అన్నాడు.

"నంబరు ఏం వెయ్యను?"

"నంబరు లేదు."

నాకు అనుమానం రాకపోవడం నా మొద్దుతనం. ఎవరో సినిమావాళ్ళేమో అనుకున్నాను. రెండో రోజు మైనంలో పళ్ళు పేర్చి, ముందు పన్నును ఫొటో ముక్కలో ఉన్నట్టు పక్కదాని మీదికి కాస్త ఎక్కించి, సరిగ్గా వచ్చిందా అని తల పక్కకు వంచి చూశాను. నా చేతిలోని నవ్వు వెనకాల గోడ మీద అదే నవ్వు ఉంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మైనం కత్తి కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అచ్చు నా ముందే ఉంది కదా. ఒక్క పన్ను లేదు. చిగుళ్ళ గట్టు అరిగి అరిగి చదునైపోయింది. అది ఎనభై ఏళ్ళు దాటిన నోరు. ముప్పై ఏళ్ళు నోళ్ళతో బతికిన నాకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయనకు వయసు లేదని రోజూ చదివే దేశంలో, ఆ వయసు నా బల్ల మీద తడిగా కూర్చుని ఉంది.

అప్పుడే మా ఆయన టీ పట్టుకొచ్చారు. మైనం సెట్టును చూశారు, గ్లాసు పెట్టారు, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. కడుపులో ఒక్క మాట దాగని మనిషి ఏమీ అనలేదంటే నా మీద దేనికో అలిగారనుకున్నాను.

మూడో రోజు వాళ్ళు వచ్చే వేళకు ఆయన మళ్ళీ మీటింగులో ఉన్నారు. వచ్చినవాళ్ళు సెట్టు తీసుకున్నారు. కొలత తీసుకున్నారు. సెట్టు ఉడికించాక అచ్చు పగలగొట్టే బయటికి తీయాలి, ఆ ముక్కలన్నీ సంచిలో వేసుకున్నారు. రెండోవాడు నా బల్ల కింద ప్లాస్టరు పొడి కూడా చీపురుతో ఊడ్చి ఎత్తుకున్నాడు. నీలం చొక్కా ఒక కాగితం తీశాడు. "ఇంకేమైనా మిగిలిందా?"

"ఏమీ లేదండి," అని సంతకం పెట్టాను. చదవలేదు. వాళ్ళు గడప దాటితే చాలనిపించింది.

నేను అబద్ధం చెప్పలేదు. మర్చిపోయాను. మా పనిలో అచ్చు పగలక తప్పదు గనక నేను ఏ కొలతలోనైనా రెండుసార్లు ప్లాస్టరు పోస్తాను. ఒకటి పగలడానికి, ఒకటి దాచడానికి. ఇది నా గురువు నేర్పిన పద్ధతి. మా ఆయన ఈ సంగతి వీధంతా చెప్పుకుని మురిసిపోతారు, "మా ఆవిడ ఎప్పుడూ రెండు పోస్తుంది, అంత జాగ్రత్త" అని. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది, బుర్ర అక్కడ లేదు. రెండు రోజుల తర్వాత అచ్చుల అల్మారా సర్దుతుంటే దొరికింది. అన్నిటికీ అడుగున పెన్సిలుతో నంబరు ఉంటుంది. దీనికి లేదు.

పగలగొడదామంటే, అది పెద్దాయన నోరు. బడిలో పెద్దాయన బొమ్మ దులుపుతూ కింద పడేసిన ప్యూనుకు ఏమైందో అందరికీ తెలుసు, అది చెయ్యి జారిన తప్పు మాత్రమే. తీసుకెళ్ళి అప్పగిద్దామంటే, ఏమీ మిగల్లేదని సంతకం పెట్టాను. డాక్టరమ్మను అడుగుదామని మర్నాడు క్లినిక్కు వెళ్ళాను. షట్టరు దించి ఉంది. బోర్డు ఊడదీశారు, గోడకు మేకుల గుర్తులు మాత్రం నాలుగు ఉన్నాయి. పక్క మందుల షాపతన్ని అడిగితే, "ఇక్కడ క్లినిక్కేమీ లేదే" అన్నాడు నా మొహం చూడకుండా. పదిహేనేళ్ళ నుంచి అదే క్లినిక్కు చీటీలకు అతను మందులు ఇస్తున్నాడు. ఇంటికి ఎలా నడిచానో గుర్తులేదు.

నోరు దాచడానికి నోళ్ళ మధ్యకంటే మంచి చోటేముంది? అల్మారాలో వెనక వరసలో, ఇద్దరు ముసలమ్మల అచ్చుల మధ్య పెట్టేశాను. కాని శనివారాలు ఆ అల్మారా దులిపేది మా ఆయనే. అందుకని శుక్రవారమే నేను దులపడం మొదలుపెట్టాను.

"నా పని నువ్వు లాక్కుంటున్నావేంటే?" అన్నారు.

"మీ మోకాళ్ళకు మంచిదని."

"ముప్పై ఏళ్ళకు గుర్తొచ్చాయా నా మోకాళ్ళు?" అని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ ఆయన కళ్ళు అల్మారా వైపు వెళ్ళాయా లేదా అని చూస్తున్నాను. కట్టుకున్న మనిషి నవ్వును అలా తూకం వేసి చూడాల్సిరావడం ఎంత పాడు బతుకో ఆ రోజు తెలిసింది. ఆయన పొద్దున ఫొటో తుడిచేటప్పుడు పెదాల దగ్గరికి రాగానే చెయ్యి మెల్లబడేది. రోజురోజుకీ భక్తి ముదిరిపోతోంది, ఇక నా సంగతి అంతే అనుకునేదాన్ని. ఫొటోతో కబుర్లు కూడా తగ్గాయి. ఆయన వీధిలోకి వెళ్ళి పది నిమిషాలు ఆలస్యమైతే సెక్రటరీ ఇంట్లో కూర్చున్నారేమోనని కాలు గాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

అలా పదిహేను రోజులు గడిచాయి.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం కారు ఆగింది. రెండు తలుపులు. మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. నీలం చొక్కా ఆయన్ని చూసి ఒక్క క్షణం ఆగాడు, తర్వాత లేనట్టే నాతో మాట్లాడాడు.

"సెట్టు పోయింది. ఎలా పోయిందని అడక్కండి. నాలుగు రోజుల్లో ఇంకోటి కావాలి."

ఐదో రోజు పెద్దాయన ప్రసంగం. వీధి చివర మైకులు కట్టేశారు కూడా.

"కొలత పంపించండి, చేస్తాను," అన్నాను.

"కొలత లేదు. కాల్చేశాం. పెట్టుకునేవారు కొత్తగా తీయనివ్వరు." అల్మారా వైపు చూశాడు. "ఏదైనా పాత అచ్చులాంటిది మిగిలి ఉంటే మీ సేవ మరిచిపోం. ఎవరూ ఏమీ అనరు."

ఉందంటే, పోయినసారి అబద్ధం చెప్పానని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. ఇది నిజంగా అవసరమో, నన్ను పట్టుకోవడానికి వేసిన ఎరో అతని మొహంలో ఏమీ తెలియడం లేదు. పళ్ళు కూడా చిన్నవి, వరసగా ఉన్నాయి. ఎవరికీ గుర్తుండని పళ్ళు.

"అన్నీ మీకే ఇచ్చేశానండి," అన్నాను. "ఎవరివో కూడా నాకు తెలీదు. నంబరే లేదు."

అతను తలూపాడు. వెనక్కి తిరిగాడు. "పాపం, మెత్తగా కలిపి పెట్టినా మింగలేకపోతున్నారు," అన్నాడు రెండోవాడితో. ఆ మాట ఎవరికోసం అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఉంది సార్," అన్నారు మా ఆయన.

నేను ఆయన వైపు చూడలేదు. చూస్తే పడిపోయేదాన్ని.

"మా ఆవిడ ఎప్పుడూ రెండు పోస్తుంది సార్. మర్చిపోయి ఉంటుంది. దాని తప్పేం లేదు." అల్మారా తెరిచి, ముందు వరస జరిపి, ఇద్దరు ముసలమ్మల మధ్య నుంచి తిన్నగా దాన్నే తీశారు. రెండు చేతులతో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టారు. ఎక్కడుందో ఆయనకు ముందే తెలుసు.

నీలం చొక్కా కూర్చున్నాడు. "ఇది ఎవరిదో తెలుసా మీకు?"

తెలీదనండి, అని నేను లోపల ఎంత మొత్తుకున్నానో. ఒక్క మాట. ముప్పై ఏళ్ళలో ఆయన్ని నేను అడిగింది ఏమీ లేదు, ఆ ఒక్క మాట తప్ప. అది కూడా పైకి అడగలేకపోయాను.

"తెలుసు సార్," అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. "రోజూ తుడిచే నవ్వు సార్. మైనంలో చూడగానే తెలిసింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆయన తినలేకపోతున్నారంటే ఇక ఎలా దాచేది?"

ఎవరికీ చెప్పలేదు. పదిహేను రోజులు నేను ఈయన్ని చూసి వణికాను. ఈయనేమో నాకోసం ఆ మాటను కడుపులో మోస్తూ, శుక్రవారం నేను దులుపుతుంటే మోకాళ్ళ జోకులు వేశారు. టైలరు సంగతిలో నేర్చుకున్నారేమో, భార్య కావడం వల్లనేమో. నేను ఏనాడూ అడగలేదు గనక నాకు తెలియదు.

"మీరు మాతో రండి," అన్నాడు నీలం చొక్కా. "సెట్టు అయ్యేదాకా."

"ఆయన్ని చూపిస్తారా సార్?" అని అడిగారు మా ఆయన.

"చూద్దాం."

ఆయన లోపలికెళ్ళి ఉతికిన చొక్కా వేసుకొచ్చారు. తల దువ్వుకున్నారు. తాడు మీద నుంచి ఆ గుడ్డ తీసి మడతపెట్టి నా చేతిలో పెట్టారు. "రేపు పొద్దున నువ్వు తుడువు. మూలలు వదిలెయ్యకు." నేను ఆ గుడ్డను గుండెకు అదుముకోవడం చూసి, "పిచ్చిదానా, మంచికేలే," అన్నారు మెల్లగా. గడప దిగి వెనక్కి చూడలేదు. మూడు తలుపుల చప్పుడైంది.

అచ్చు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏడవలేదు. కోపం వచ్చింది, ఆయన మీద, ఆ ఫొటో మీద, రెండు పోయమని నేర్పిన గురువు మీద. తర్వాత భయం ఆ కోపాన్ని కూడా మింగేసింది. సెట్టు పూర్తయితే వాళ్ళకు నాతో పనిలేదు. నాతో పనిలేకపోతే ఆయనతో అసలే లేదు.

అందుకని పనిముట్లలో అన్నిటికంటే సన్నదాన్ని తీసుకుని, అచ్చులో ఎడమవైపు, గట్టు లోపలి అంచున, ఆవగింజంత గుంట గీరాను. అచ్చులో గుంట ఉంటే సెట్టులో అక్కడ బొడిపె వస్తుంది. కంటికి ఆనదు, వేలికి తగలదు. పెట్టుకోగానే ఏమీ తెలియదు. రోజూ నములుతుంటే చిగురు మెల్లగా ఒరుసుకుపోయి, వారం పది రోజులకు పుండు పడుతుంది. ముప్పై ఏళ్ళలో చెడగొట్టాలని చేసిన పని అదొక్కటే. గీరుతున్నప్పుడు గోడ వైపు చూడలేదు.

నాలుగో రోజు ఇద్దరే వచ్చారు. సెట్టు, అచ్చు ముక్కలు, పొడి అన్నీ తీసుకున్నారు.

"మా ఆయన ఎప్పుడొస్తారండి?" అని అడిగాను.

నీలం చొక్కా మొదటిసారి నేను సంతకం పెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టి, మూడో లైను మీద వేలు ఉంచాడు. ఈ పని జరిగినన్నాళ్ళూ ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు, ఎవరూ ఉండరు అని ఉంది. కింద నా సంతకం.

"మీరే రాసిచ్చారు కదమ్మా," అన్నాడు, కసురుకోకుండా. "ఇప్పుడు ఎవరి గురించి అడుగుతున్నారు?"

ప్రసంగం రోజు వీధంతా మైకుల కింద నిలబడింది. నేనూ నిలబడ్డాను. చుట్టూ జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను 'స'లూ 'శ'లూ వింటున్నాను. గాలి పోవడం లేదు, ఈల రావడం లేదు. సెట్టు బాగా కుదిరింది. పాపిష్టి మనసుకు ఆ మాత్రం గర్వం కూడా కలిగింది. ప్రసంగం అయ్యాక సెక్రటరీ హాజరు పిలిచాడు. మా ఇంటి దగ్గరికొచ్చి నా పేరు చదివి పక్కింటికి వెళ్ళిపోయాడు. మా ఆయన పేరు కొట్టేసిన గీత కూడా లేదు, కాగితమే కొత్తది.

ఇప్పుడు ఏడింటికి తలుపు తెరిచి ఫొటో నేనే తుడుస్తున్నాను. వేరే గుడ్డ, వేరే సబ్బు. మూలలు వదలడం లేదు. ఫొటోతో నేనేమీ మాట్లాడను. అడగాల్సింది ఒక్కటే ఉంది, అది దారిన పోయేవాళ్ళు వినేలా అడిగేది కాదు.

మొన్న ఫ్యాక్టరీ ప్రారంభానికి పెద్దాయన రాలేదని రేడియోలో చెప్పారు. పనుల ఒత్తిడి అన్నారు. సెట్టు ఇచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. నొప్పి మొదలైతే వాళ్ళు సరిచేయమని వస్తారు, మా ఆయన్ని తీసుకొస్తేనే చేస్తానని చెబుతాను. ఎన్నోసార్లు అనుకున్న మాటే. నొప్పి ఎందుకు వచ్చిందో వాళ్ళకు తెలిసిపోతే ఏం చెప్పాలో మాత్రం అనుకోలేదు.

ఈరోజు పదకొండో రోజు. టీ కాచుకున్నాను, తాగబుద్ధి కాలేదు. ఇప్పుడే వాకిట్లో కారు ఆగింది. ఒక తలుపు వేశారు. రెండోది వేశారు. చేతిలో ఆ గుడ్డ పట్టుకుని, మూడో తలుపు చప్పుడు కోసం వింటున్నాను.